పాత కారు పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలైతే తుక్కుకేనా?

కారు ఫెయిలైందని వెంటనే అమ్మేయకండి, ముందు కొంచెం చరిత్ర చూద్దాం.

1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. సీసం తగిలితే కన్వర్టర్ పాడైపోతుంది, అందుకే సీసం లేని పెట్రోల్ కూడా అప్పుడే తెచ్చారు. 2000లో దేశమంతా సీసం పెట్రోల్ ఆపేశారు.

అంటే పాత బండికీ కొత్త బండికీ ఒకే రూల్ పెట్టలేం కదా! అందుకే భారత్ స్టేజ్-2 కంటే ముందు కార్లకి కార్బన్ మోనాక్సైడ్ లిమిట్ 3 శాతం. స్టేజ్-2, 3 వాటికి 0.5, స్టేజ్-4కి 0.3.

కాబట్టి నేనైతే రిపోర్ట్‌లో ముందు ఏ లిమిట్ వేశారో చూస్తాను. అది కరెక్టే అయితే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చెక్ చేయించి, ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్ళీ టెస్ట్ చేయిస్తాను. అప్పటికీ ఫెయిలైతేనే కన్వర్టర్ సంగతి. తుక్కు మాట ఆ తర్వాతే!