లాటిన్ ధాతువులు - ఆంగ్ల పదజాలం

ఆంగ్ల భాషలోని పదాలలో సగానికి పైగా లాటిన్ నుండి నేరుగా గానీ, ఫ్రెంచి ద్వారా గానీ వచ్చినవని అంచనా. ఈ పదాలను విడివిడిగా కంఠస్థం చేయుటకు బదులు, వాటిలోని లాటిన్ ధాతువులను గుర్తించి అర్థం గ్రహించుట ఒక అభ్యాస పద్ధతి. 1949లో వెలువడిన నార్మన్ లూయిస్ గ్రంథం "వర్డ్ పవర్ మేడ్ ఈజీ" ఈ పద్ధతిని అనుసరించినదే. భారతదేశంలో పోటీ పరీక్షల విద్యార్థులు దీనిని విరివిగా చదువుతారు.

చరిత్ర

ఆంగ్లం జర్మానిక్ శాఖకు చెందిన భాష. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిదప రాజసభలోను, న్యాయస్థానాలలోను ఫ్రెంచి ప్రాబల్యం పెరిగింది. 16, 17 శతాబ్దాలలో పండితులు లాటిన్ గ్రంథాల నుండి నేరుగా అనేక పదాలను గ్రహించారు. అందువలన "ఫాదర్లీ" అనే జర్మానిక్ పదం పక్కనే "పేటర్నల్" అనే లాటిన్ పదం నిలిచింది. తెలుగులో "నీరు", "జలము" అనే పదాలు పక్కపక్కన ఉన్నట్లే ఇదియును.

పద నిర్మాణం

సంస్కృతంలో "హృ" ధాతువుకు ఉపసర్గలు చేరి ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఏర్పడినట్లే, లాటిన్ ధాతువులకు ముందు ప్రత్యయాలు చేరి కొత్త పదాలు ఏర్పడతాయి.

* పోర్ట్ (మోయు): ఇంపోర్ట్ (లోనికి తెచ్చు), ఎక్స్‌పోర్ట్ (బయటకు పంపు), ట్రాన్స్‌పోర్ట్ (ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చు)
* స్క్రైబ్, స్క్రిప్ట్ (వ్రాయు): ప్రిస్క్రిప్షన్ (ముందుగా వ్రాసి ఇచ్చినది), మాన్యుస్క్రిప్ట్ (చేతివ్రాత ప్రతి)
* డిక్ట్ (చెప్పు): ప్రిడిక్ట్ (ముందుగా చెప్పు), కాంట్రడిక్ట్ (ఎదురు చెప్పు)
* స్పెక్ట్ (చూచు): ఇన్‌స్పెక్ట్ (లోతుగా చూచు), స్పెక్టేటర్ (చూపరి)

పక్క అక్షరాన్ని బట్టి ఉపసర్గ రూపం మారుతుంది. "కాదు" అనే అర్థమిచ్చే "ఇన్" అనునది ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ పదాలలో మూడు రూపాలు దాల్చింది. ఇది సంధికార్యం వంటిదే.

సంస్కృతంతో బంధుత్వం

లాటిన్, సంస్కృతం రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవి. ఈ సామ్యాన్ని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో ప్రస్తావించాడు. "డెంటిస్ట్"లోని ధాతువు దంతానికి, "సెప్టెంబరు"లోని "సెప్టెమ్" సప్తకు జ్ఞాతులు. సంస్కృత పదాలు ఎరిగిన తెలుగువారికి ఇవి సులభంగా గుర్తుంటాయి.

పరిమితులు

ధాతువు అర్థాన్ని సూచిస్తుందే గానీ నిర్ణయించదు. "మాన్యుఫాక్చర్" అనగా మొదట చేతితో చేయుట. నేడు యంత్రాలతో చేసినదానికీ అదే మాట. "పెడల్"లోని "పెడ్" లాటిన్‌లో పాదం కాగా, "పీడియాట్రిక్స్"లోనిది శిశువు అనే అర్థం గల గ్రీకు ధాతువు. కనుక ధాతువును బట్టి ఊహించిన అర్థాన్ని వాక్యంలోని సందర్భంతోను, నిఘంటువుతోను సరిచూచుకొనవలెను.