టోకియో వీధుల్లో తరంగాల కొలత

మొబైల్ టవర్ల లెక్కల్లో నేటికీ వినిపించే పేరు హటా. ఆ పేరు వెనకున్న శ్రమ చాలావరకు ఒకుమురాది. జపాన్ టెలిఫోన్ సంస్థ ఎన్‌టీటీ పరిశోధనశాలలో పనిచేసిన యోషిహిసా ఒకుమురా, ఆయన సహచరులు 1960లలో టోకియో పరిసరాల్లో రేడియో తరంగాల బలాన్ని కొలిచారు. కారులో ఫోన్ పెట్టాలంటే ఏ పౌనఃపున్యం అనుకూలమో అప్పటికి తేలలేదు. అందుకని సుమారు 450 మొదలు 1920 మెగాహెర్ట్జ్ దాకా రకరకాల తరంగాలు పంపి చూశారు.

పద్ధతి పైకి సులువే. ఎత్తైన చోట ట్రాన్స్‌మిటర్, వీధుల్లో తిరిగే వ్యానులో రిసీవర్, నేలకు 3 మీటర్ల ఎత్తున యాంటెన్నా. చిక్కంతా రిసీవర్ చూపే అంకెతోనే. 922 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 33 సెంటీమీటర్లు. భవనాలకు తగిలి నలువైపుల నుంచీ వచ్చే తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి. బెత్తెడు జరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ కాస్త దూరంలోనే అందే శక్తి వెయ్యో వంతుకు పడిపోవచ్చు. ఇక ఏ ఒక్క చోటి కొలతను నమ్ముతాం?

ఒకుమురా బృందం దారిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కలో నమోదైన విలువలకు మధ్యగతం కట్టింది. దూరం, టవరు ఎత్తు, పౌనఃపున్యం మారేకొద్దీ అది ఎలా మారుతుందో వక్రరేఖలుగా గీసింది. శివారుకు, బయలు నేలకు, కొండవాలుకు, నీటి మీదుగా సాగే దారికి విడిగా దిద్దుబాట్లు చేర్చింది. ఈ ఫలితాలతో 1968లో అచ్చయిన వ్యాసంలో ఘనమైన సిద్ధాంతమేమీ లేదు. నా దృష్టిలో దాని బలం అక్కడే ఉంది.

1979 డిసెంబరులో టోకియోలో కారు ఫోన్ సేవ మొదలైంది. మరుసటి ఏడాది మసహరు హటా ఆ వక్రరేఖలను సమీకరణాలుగా కుదించాడు. గ్రాఫు చూసి అంకె ఏరుకునే పని తప్పి, కంప్యూటరు లెక్క వీలైంది. 30 మీటర్ల టవరుకు ఆ సూత్రం వేస్తే, 1 కిలోమీటరు నుంచి 10 కిలోమీటర్లకు వెళ్లేసరికి సిగ్నల్ శక్తి సుమారు 3,300 వంతుల్లో ఒక వంతవుతుంది. అడ్డేమీ లేని శూన్యంలోనైతే తగ్గేది 100 రెట్లే. మిగతాదంతా నేల, అడ్డంకులు కలిసి మింగేశాయన్నమాట.

హటా తన సూత్రానికి హద్దులు కూడా గీశాడు: 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్, 1 నుంచి 20 కిలోమీటర్లు. పైగా అందులోని అంకెలన్నీ టోకియో పరిసరాలవి. బండరాళ్ల గుట్టల నడుమ పెరిగిన హైదరాబాద్‌కు దాన్ని వాడే ఇంజనీరు ముందు రిసీవర్ పట్టుకుని ఇక్కడి వీధుల్లో తిరిగి సరిచూసుకోవాలి.