ముందే తెలిస్తే ఏం చేయాలి?

1930ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్ కుక్కల మీద ప్రయోగాలు చేస్తుండేవారు. ఆయన అప్పుడు క్యాన్సర్ జోలికి పోలేదు. మూత్రాశయం కింద ఉసిరికాయంత ఉండే ప్రోస్టేట్ గ్రంథి తన ద్రవాన్ని ఎలా తయారుచేస్తుందన్నదే ఆయన పరిశోధన. కొన్ని ముసలి కుక్కల్లో ఆ గ్రంథిలో గడ్డలు బయటపడేవి. ప్రయోగం చెడిపోతోందని మొదట విసుక్కున్నారు. వృషణాలు తీసేస్తే ఆ గడ్డలు కుంచించుకుపోవడం చూశాక మాత్రం అలాంటి కుక్కల కోసమే వెతకడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత మనుషుల వంతు వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకి, నొప్పితో మంచానపడ్డ వాళ్లకు హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ వృషణాలు తొలగించడమో, స్త్రీ హార్మోన్ ఇవ్వడమో చేశారు. చాలామందికి నొప్పి తగ్గింది. అది మాటవరసకు చెప్పిన ఉపశమనం కాదనడానికి రక్తమే సాక్ష్యం. యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ప్రోస్టేట్‌లో పుష్కలం. వ్యాధి ఎముకలకు పాకినప్పుడు రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. చికిత్స మొదలయ్యాక అది పడిపోయింది. పురుష హార్మోన్ ఎక్కిస్తే మళ్లీ పెరిగింది. 1941లో ఈ ఫలితాలు వెలువడే నాటికి, క్యాన్సర్ ఒకసారి పుట్టాక ఇక శరీరం అదుపులో ఉండదన్న నమ్మకం బలంగా ఉండేది. ఆ నమ్మకానికి గండి కొట్టినందుకే హగిన్స్‌కు 1966లో నోబెల్‌లో సగం దక్కింది. పురుష హార్మోన్‌ను అణచడానికి ఇప్పుడు వేసే ఇంజెక్షన్లు ఆ దారిలో వచ్చినవే.

అయితే ఆ ఎంజైమ్ కబురు పంపేది ఇల్లు కాలాక. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హ్యూ యంగ్ 1904లోనే గ్రంథి మొత్తాన్ని తీసేసే ఆపరేషన్ చేశారు. కానీ నడుం నొప్పి వచ్చాకో, మూత్రం ఆగిపోయాకో ఆస్పత్రికి చేరేవాళ్లలో చాలామందికి అప్పటికే వ్యాధి గ్రంథి దాటిపోయి ఉండేది.

ముందే పసిగట్టే మార్గం లేని ఆ కొరత తీర్చడానికి వచ్చింది పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష. 1979లో బఫెలోలోని రోజ్‌వెల్ పార్క్ సంస్థలో మింగ్ చూ బృందం ఆ ప్రొటీన్‌ను వేరుచేసింది. అమెరికా ప్రభుత్వం 1986లో ఈ రక్తపరీక్షను అనుమతించింది, అదీ చికిత్స పొందుతున్న రోగుల్ని గమనించడానికే. వ్యాధి ఉందో లేదో పసిగట్టడానికి అనుమతి 1994లో వచ్చింది. ఆలోపే వేలాదిమంది ఆరోగ్యవంతులు పరీక్ష చేయించుకున్నారు. మామూలు వాపుకైనా, ఇన్‌ఫెక్షన్‌కైనా పీఎస్‌ఏ పెరుగుతుంది. అంకె నాలుగు దాటితే సూదితో ముక్క తీయడం, ముక్కలో క్యాన్సర్ కనిపిస్తే ఆపరేషన్. ఆ ఆపరేషన్ చాలామందికి మూత్రం మీద అదుపు పోగొట్టింది, దాంపత్య సుఖాన్ని దూరం చేసింది. 1982లో ప్యాట్రిక్ వాల్ష్ నరాలను కాపాడే పద్ధతి తెచ్చాక నష్టం తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. 1935లోనే ఆర్నాల్డ్ రిచ్ అనే పాథాలజిస్టు, యాభై దాటి వేరే జబ్బులతో పోయిన మగవాళ్ల శవపరీక్షల్లో నూటికి 14 మందిలో ఎవరికీ తెలియని ప్రోస్టేట్ క్యాన్సర్ చూశారు. బతికినన్నాళ్లూ అది వాళ్లను ఏమీ చేయలేదు. అంటే, దొరికిన ప్రతి క్యాన్సర్‌నూ కోసి తీయక్కర్లేదన్న హెచ్చరిక పీఎస్‌ఏ కంటే నాలుగు దశాబ్దాల ముందే అచ్చయి ఉంది.

ఆ హెచ్చరిక ఎంతవరకు నిజమన్నదానికి గట్టి జవాబు బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో దొరికింది. వ్యాధి గ్రంథి దాటని 1,643 మందిని మూడు జట్లు చేశారు: ఆపరేషన్, రేడియేషన్, తరచూ పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం. పదిహేనేళ్లకు ఏ జట్టులో చూసినా ఈ క్యాన్సర్‌తో చనిపోయింది నూటికి సుమారు ఇద్దరు ముగ్గురే. కనిపెట్టుకున్న జట్టులో వ్యాధి ఇతర భాగాలకు పాకడం దాదాపు రెట్టింపు. ఆ జట్టులో సగానికి పైగా తర్వాత ఏదో ఒక చికిత్స తీసుకున్నారు. అయినా ఆ జట్టు మొత్తంలో దాదాపు నాలుగోవంతు మంది పదిహేనేళ్ల తర్వాత కూడా కత్తిగానీ రేడియేషన్ గానీ హార్మోన్ మందులు గానీ లేకుండానే బతికి ఉన్నారు.