ఏ ఊరి ఇటాలియన్?

తెలుగువారికి తమ భాషను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసివస్తే ముందుగా నోటికి వచ్చే బిరుదు ఒకటున్నది: 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్'. పదిహేనవ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన నికొలో దె కొంతి అనే వెనిస్ వర్తకుడు ఈ బిరుదు ఇచ్చాడని బడిలో విన్నాము, సభలలో విన్నాము. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలుకుతుంది, ఇటాలియనూ అంతే, కనుక రెండూ తీయనివని తాత్పర్యము.

నిరుడు శరదృతువులో నేను, మా శ్రీమతి పన్నెండు రోజులు ఇటలీలో తిరిగి వచ్చాము. దక్షిణాన నేపుల్స్‌లో దిగి రోము, ఫ్లోరెన్సు, వెనిస్‌ల మీదుగా మిలాను వరకు రైలులోనే వెళ్ళాము. అందరూ చూసే శిల్పాలు, చిత్రాలు, గోపురాలు మేమూ చూశాము. వాటిని గూర్చి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. నేనిక్కడ వ్రాయదలచినది ఆ ఊళ్ళలో కంటికంటె చెవికి తెలిసిన చరిత్ర.

నేపుల్స్‌లో మేము బస చేసిన ఇంటావిడ మాతో ఇంగ్లీషులోను, ఫోనులో ఎవరో అధికారితో ఇటాలియన్‌లోను మాట్లాడి, వెనువెంటనే కొడుకును కేకవేసి మూడవ భాష అందుకొన్నది. అది నేపుల్స్ వారి సొంత మాట. వారి నోట తమ ఊరి పేరు 'నాపోలి' కాదు, 'నాపులె'. ఆ చివరి అచ్చు కూడ ఉండీ లేనట్లుగా సగంలో ఆగిపోతుంది. మాటల చివర నిండుగా విచ్చుకోవలసిన అచ్చులను నేపుల్స్ నాలుక మింగివేస్తుంది. ఇది యాస కాదు, వేరు భాషే అని భాషావేత్తలలో చాలమంది అభిప్రాయము. 1860లో గారిబాల్డి ప్రవేశించేవరకు ఈ ఊరు ఒక ప్రత్యేక రాజ్యానికి రాజధాని.

మా శ్రీమతిది కరీంనగరు వైపు, నాది తెనాలి వైపు. ఆవిడ కాసేపు విని అడిగింది: "తూర్పు దేశపు ఇటాలియన్ అంటరు గద మీరు, మరి అది ఏ ఊరి ఇటాలియనండీ?"

ఆ ప్రశ్న తక్కిన పది రోజులూ మాతోపాటు రైలెక్కింది.

మరునాడు పాంపేయికి వెళ్ళాము. క్రీ.శ. 79లో వెసూవియస్ కొండ పేలి బూడిదలో పూడ్చిన ఊరు. ఆ గోడల మీద జనం గీకిన వ్రాతలు వేలకొద్దీ దొరికాయి: ప్రేమలు, తిట్లు, ఎన్నికల ప్రచారాలు, లెక్కలు. పండితులకు అవి అపురూపమైనవి కావడానికి కారణం వాటిలోని తప్పులే. లాటిన్ వ్యాకరణం ప్రకారం మాట చివర ఉండవలసిన 'మ్', 'త్' వంటి హల్లులు ఆ గీతలలో తరచు కనిపించవు. వ్రాసినవారు తాము పలికినట్లే వ్రాశారు. పలుకుబడిలో ఆ హల్లులు అప్పటికే రాలిపోతున్నవన్నమాట.

నేపుల్స్ జాతీయ గ్రంథాలయంలో 'ప్రోబుస్ అనుబంధం' అని పిలిచే ఒక పాతకాలపు పట్టిక వ్రాతప్రతి ఉన్నది. ఎవరో ఒక లాటిన్ పంతులు శిష్యుల పలుకు దిద్దడానికి తయారుచేసినది. 'ఇలా అనాలి, అలా కాదు' అన్న పద్ధతిలో 227 దిద్దుబాట్లు. అందులో ఒకటి: 'కాలిదా' అనాలి, 'కాల్దా' అనరాదు. వేడి అని అర్థము. మా బసలో ఇంటావిడ వేడినీళ్ళ కుళాయి చూపిస్తూ అన్న మాట ఆ 'కాల్దా'నే. పంతులు కూడదన్న మాట నేడు నిఘంటువులో ఉన్నది. ఆయన అనమన్న మాట చచ్చిన భాషలో మిగిలింది. చివరి హల్లు వదలిపెట్టరాదని కూడ ఆయన ఆ పట్టికలోనే దిద్దాడు. ఆ వదలిపెట్టడం వల్లనే కదా ఇటాలియన్ అజంతమయినది! మనం పోలిక తెచ్చుకొని మురిసిపోయే తీపి అంతా ఒకప్పటి గ్రామ్యము.

నేపుల్స్ నుండి రోముకు వేగపు రైలులో గంటకు కాస్త ఎక్కువ. కొలోసియం చేరువలో సాన్ క్లెమెంతె అనే ఆలయమున్నది. పైన పన్నెండవ శతాబ్దపు గుడి, దానికింద అంతకుముందటి గుడి, ఇంకా కింద రోమనుల కాలపు కట్టడాలు. నడిమి అంతస్తులో పదకొండవ శతాబ్దం చివరి గోడచిత్రమొకటి ఉన్నది. సిసీనియో అనే ధనికుడు క్లెమెంతె మునిని బంధించి ఈడ్చుకురమ్మని సేవకులను తరుముతున్నాడు. మహిమవల్ల వారు మునికి బదులు ఒక రాతిస్తంభాన్ని లాగుతున్నారు. బొమ్మల పక్కనే వారి మాటలు వ్రాసి ఉన్నవి. ముని పలుకు లాటిన్‌లో; యజమాని తిట్టు మాత్రం జనభాషలో. మన సంస్కృత నాటకాలలో రాజుకు సంస్కృతము, పరిచారకులకు ప్రాకృతము ఇచ్చినట్లే. అయితే ఇక్కడ యజమాని కూడ కోపం వచ్చేసరికి జనభాషలోకే దిగాడు. ఇటలీ జనభాష వ్రాతకెక్కిన తొలి దాఖలాలలో ఆ తిట్టు ఒకటి.

సాయంత్రం టైబర్ నది దాటి త్రస్తేవెరెకు వెళితే అక్కడ పొడుగు టోపీ పెట్టుకొన్న ఒక కవి విగ్రహం కనిపించింది. జుసెప్పె బెల్లి (1791-1863). రోము వీధి భాషలో 2,279 సానెట్లు వ్రాసి, ప్రచురించక దాచుకొని, చివరకు తగులబెట్టమన్నాడట. ఆయన స్నేహితుడైన ఒక మతగురువు వాటిని కాపాడాడు. పోపు పాలనలో అలాంటి వెక్కిరింతలు బయటపెట్టడం ప్రమాదమే మరి. విగ్రహం పీఠంపై రోము ప్రజలు తమ కవికి అర్పించారని ఉన్నది. ప్రభుత్వం కాదు, ప్రజలు.

ఫ్లోరెన్సులో అడుగడుగునా దాంతే. వీధి గోడలమీద ఆయన కావ్యపంక్తులు చెక్కిన రాతిపలకలు. సాంతా క్రోచె ఎదుట ఆయన నిలువెత్తు విగ్రహం, ఊరు ఇటలీకి రాజధానిగా ఉన్న 1865లో, ఆయన ఆరువందల జయంతికి నిలిపినది. ఆలయం లోపల ఘనమైన సమాధి, కాని అది ఖాళీది. 1302లో ఊరివారు ఆయనను వెళ్ళగొట్టారు. 1321లో రవెన్నాలో కన్నుమూశాడు. ఫ్లోరెన్సు ఎన్నిసార్లు అడిగినా రవెన్నా అస్థికలను ఇవ్వలేదు. ఆ ప్రవాసంలోనే ఆయన జనభాష గొప్పతనాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథం ఆరంభించి సగంలో విడిచాడు. పండితులకోసం దానిని లాటిన్‌లో వ్రాశాడు! ఇటలీ భాషలను అందులో పద్నాలుగుగా లెక్కపెట్టి, ఏదీ చాలదని తేల్చాడు, తన సొంత తస్కనీ పలుకుతో సహా.

అయినా చరిత్ర తస్కనీనే ఎన్నుకొన్నది. దాంతే, పెత్రార్కా, బొక్కాచియో అనే ముగ్గురు మహాకవులు ఆ పలుకులో వ్రాసినందువల్ల అది ప్రమాణమయినది. మనకు కవిత్రయం ఎట్లాగో వారికి ఆ ముగ్గురు అట్లాగ. 1583లో ఫ్లోరెన్సులో పుట్టిన 'క్రుస్కా' అకాడెమీ ఆ భాషకు కావలి కాసింది. క్రుస్కా అంటే తవుడు. పిండినీ తవుడునూ వేరుచేసినట్లు మంచి మాటలనూ కానిమాటలనూ జల్లించడం వారి పని. వారి నిఘంటువు 1612లో వెలువడింది. వింత ఏమిటంటే, నేటి ఫ్లోరెన్సువారి మాట ఆ జల్లెడలో నిలవదు. అచ్చుల నడుమ వచ్చే 'క'ను వారు 'హ'గా పలుకుతారు. కోకాకోలా వారి నోట 'హోహా హోలా' అవుతుందని తక్కిన ఇటలీ వారు పరిహాసమాడుతారు. ప్రమాణభాషకు పుట్టిల్లయిన ఊరికి కూడ వెక్కిరింత తప్పలేదు.

వెనిస్‌లో వీధుల పేర్లు గోడమీద సున్నపు తెల్లని చతురస్రంలో నల్లని అక్షరాలతో వ్రాసి ఉంటాయి. వాటిని 'నిత్సియొలేతి' అంటారు, చిన్నదుప్పట్లు అని అర్థము. వీధి అక్కడ 'వియా' కాదు, 'కాల్లె'. కూడలి 'పియాత్సా' కాదు, 'కాంపో'. రొట్టె ఇటాలియన్‌లో 'పానె', వెనిస్ మాటలో 'పాన్'. చివరి అచ్చు ఎగిరిపోయింది. లోకమంతటా పాకిన 'చావ్' అనే పలకరింపు ఈ ఊరిదే. 'మీ దాసుడను' అనే మాట అరిగి అరిగి అంతయినది.

నికొలో దె కొంతి ఈ వెనిస్ రాజ్యపువాడే, పక్కనున్న కియొజ్జాలో పుట్టాడు. తూర్పు దేశాలలో పాతికేళ్ళు తిరిగి వచ్చి తన కథ చెబితే, పోపు కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీని దానిని లాటిన్‌లో వ్రాశాడు. ఆ కథనంలో అరవై మైళ్ళ చుట్టుకొలత గల విజయనగరం ఉన్నది, పండుగలు ఉన్నాయి, వజ్రాలు ఉన్నాయి. తెలుగును ఇటాలియన్‌తో పోల్చిన వాక్యం లేదు. ఆ పోలిక కనిపించేది పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు వ్రాతలలో. కొంతి ఇంట్లో పలికిన భాష వెనిస్‌ది. అంతకుముందు కాకతీయుల మోటుపల్లిని వర్ణించిన మరొక వెనిస్‌వాడు మార్కో పోలో. జెనోవా చెరలో అతడు చెప్పగా పీసా ఊరి రుస్తికెల్లో ఆ గ్రంథాన్ని వ్రాసినది ఇటాలియనీకరించిన ఫ్రెంచిలో. వారి కాలానికి 'ఇటాలియన్' అని ఒక భాష స్థిరపడనే లేదు.

స్థిరపరచినది కూడ ఒక వెనిస్‌వాడే కావడం విశేషము. 1525లో పియెత్రో బెంబో తన గ్రంథంలో పద్యానికి పెత్రార్కాను, వచనానికి బొక్కాచియోను ఒరవడిగా పెట్టుకోవాలని నిర్ణయించాడు. రెండువందల ఏళ్ళనాటి, అదీ పరాయి ఊరి, గ్రంథభాష! మన పరిభాషలో చెప్పాలంటే గ్రాంథికము. ఆ ఊరి అచ్చుకూటాలు దానిని దేశమంతటా పంచాయి.

చివరి మజిలీ మిలాను. అక్కడ పిల్లి 'గత్తో' కాదు, 'గత్త్'. ఇంట మిలాను మాటా ఫ్రెంచీ పలికిన మంజోని తన నవలను 1827లో ప్రచురించి, ఫ్లోరెన్సు వెళ్ళి అక్కడి జీవద్భాష విని, 1840-42లో తిరిగి వ్రాసి ముద్రించాడు. 1868లో ప్రభుత్వానికి నివేదిక ఇస్తూ, చచ్చిన కవుల భాష కాక బ్రతికున్న ఫ్లోరెన్సు పలుకే బడులలో నేర్పాలన్నాడు. 1861లో దేశం ఒకటయినప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవారు నూటికి రెండున్నర మంది అని ఒక భాషాచరిత్రకారుడి లెక్క, పదిమంది దాకా అని మరొకరి లెక్క. బడులు, పటాలములు, వలసలు, 1954 నుండి టెలివిజను కలసి తక్కినవారికి దానిని నేర్పాయి.

తేదీలు చూడండి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858. ఇటలీ ఏకీకరణ 1861. గిడుగు రామమూర్తిగారు పుట్టినది 1863. మనము ఇటాలియన్‌తో అచ్చులలో పోలిక వెదికాము గాని, అసలు పోలిక ఆ తగవులో ఉన్నది. గ్రంథభాషా, నోటిభాషా? నోటిభాష అయితే ఎవరి నోటిది? మొదటి ప్రశ్నకు గిడుగువారు జవాబు చెప్పి గెలిచారు. సవరల భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన ఆ మహానుభావునికి రెండవ ప్రశ్న తెలియక కాదు. కాని వారి తరువాత పత్రికలు, పాఠ్యపుస్తకాలు కలసి కృష్ణా గోదావరీ తీరపు చదువరుల పలుకునే శిష్టమని తీర్మానించుకొన్నాయి.

మా శ్రీమతి హైదరాబాదులో చదివేటప్పుడు వ్యాసంలో 'తొవ్వ' అని వ్రాస్తే ఒక అధ్యాపకుడు ఎర్ర సిరాతో కొట్టివేసి పక్కన 'దారి' అని వ్రాశారట. తొవ్వ అంటే మన కావ్యాలలోని త్రోవే కదా. ముప్పై ఏళ్ళనాటి ఆ కాగితం సంగతి మిలాను స్టేషనులో చెప్పింది, నవ్వుతూనే. "నేపుల్స్ పంతులు పట్టికల నాదొకటి కలుపుండ్రి, 228 అయితయి" అన్నది.

బిరుదును వదులుకోమని నేననను. ఎవరిచ్చినా ముద్దుగానే ఉన్నది. ఉంచుకొంటే మాత్రం ఇటలీని మొత్తంగా పుచ్చుకోవాలి: అచ్చులు మింగే నేపుల్స్‌ను, వాటిని వదిలే మిలానును, బెల్లి దాచిన సానెట్లను కూడ. 1999లో ఇటలీ చేసిన ఒక చట్టం పన్నెండు అల్పసంఖ్యాక భాషలకు రక్షణ ఇచ్చింది. నేపుల్స్ మాటకు, వెనిస్ మాటకు అందులో చోటు దొరకలేదు. 1951లో సుమారు 1,75,000 మంది ఉన్న వెనిస్ పాత ఊరిలో ఇప్పుడు యాభైవేలమంది కూడ లేరు. గోడమీద దుప్పట్లు మిగులుతాయి. వాటిని చదివి పిల్లలను ఇంటికి పిలిచే గొంతులు తగ్గుతున్నవి.

ఈ వ్యాసమంతా నేను ఎర్ర సిరా అంటని భాషలోనే వ్రాశాను, అలవాటు అలాంటిది. చదివిన మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ, అవ్వ, అమ్మమ్మగారి ఊరు పలికినవై, నిఘంటువులో గాని పాఠ్యపుస్తకంలో గాని కనిపించని మాటలు రెండో మూడో ఉండే ఉంటాయి. వాటిని అర్థంతో సహా వ్రాసి పంపండి. మా శ్రీమతి ఇప్పటికే ఒక నోటుబుక్కు తెరచింది. మొదటి పుటలో మొదటి మాట 'తొవ్వ'.