నిప్పు లేని పొగ: విమానంలో ఈ-సిగరెట్ నిబంధనలు

శ్రీకాకుళం ప్రాంత విద్యార్థులకు అడ్డపొగ గురించి వేరే చెప్పనక్కరలేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని పీల్చే అలవాటది. ముఖ్యంగా స్త్రీలలో ఉండేది. పిండ్‌బోర్గ్ బృందం 1971లో ప్రచురించిన అధ్యయనం కోసం ఈ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించారు. వారి ప్రశ్న ఆరోగ్యానికి సంబంధించినది. విమానంలో పొగ ప్రశ్న మాత్రం నిప్పుతో మొదలైంది. ఈ రెండు ప్రశ్నలనూ మీరు విడివిడిగా పట్టుకోవాలి.

1973 జులై 11న రియో డి జనీరో నుంచి పారిస్ వస్తున్న వరిగ్ విమానం వెనుక మరుగుదొడ్డిలో మంటలు లేచి 123 మంది మరణించారు. చెత్తబుట్టలో పడిన సిగరెట్ పీకే కారణమై ఉంటుందని భావించారు. నేటికీ విమానాల మరుగుదొడ్డి తలుపు దగ్గర బూడిదగిన్నె ఉంటుంది. పొగ నిషేధమైన చోట అదెందుకని మీరు అడగవచ్చు. నియమాన్ని మీరేవారు ఎప్పుడూ ఉంటారు. వారి పీక కాగితాల బుట్టలో పడకూడదు. చట్టకర్తలు మనిషిని ఎంతవరకు నమ్ముతారో ఆ చిన్న గిన్నెను చూస్తే తెలుస్తుంది!

1996 జులై 1 నాటికి అంతర్జాతీయ ప్రయాణాలను పొగరహితం చేయాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1992లో సభ్యదేశాలను కోరింది. తర్వాత 2003లో చైనాలో హాన్ లిక్ ఈ-సిగరెట్‌ను రూపొందించాడు. ఇందులో నిప్పు లేదు కనుక పాత నియమం వర్తించదని వాదించినవారు ఉన్నారు. నిప్పు లేకపోయినా లిథియం బ్యాటరీ ఉంది. సామాను గదిలో అది అంటుకుంటే ఆర్పేవారుండరు. అందుకే అదే సంస్థ 2015లో చెక్-ఇన్ సామానులో ఈ-సిగరెట్లను నిషేధించింది. చేతిసంచిలో ఉంచుకోవచ్చు గాని విమానంలో ఛార్జింగ్ చేయరాదు. వాడకాన్ని అమెరికా 2016లో స్పష్టంగా నిషేధించింది.

భారతదేశం అడ్డపొగ నాటి ప్రశ్ననే, అంటే ఆరోగ్యాన్నే, ఆధారం చేసుకుంది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. ఉత్పత్తి, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలు నేరాలయ్యాయి. వాడినవారికి నేరుగా శిక్ష చెప్పలేదు. అయితే బయటినుంచి దేశంలోకి తేవడం దిగుమతే. తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అదే ఏడాది ఏప్రిల్‌లో యు.ఎ.ఇ. వీటి అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ పనులకు వెళ్లేవారి ఇళ్లలో ఇది పరీక్ష కోసం చదివే విషయం కాదు. దుబాయ్‌లో బిల్లు తీసుకొని కొన్న వస్తువును విమాన నియమం చేతిసంచిలో పెట్టమంటుంది. ఇక్కడ దిగాక కస్టమ్స్ బల్ల దగ్గర ఆ బిల్లు పనికిరాదు.