కొరింథు పట్టణము - రెండు జ్ఞానములు

తెలుగున 'లోకజ్ఞానము' మెచ్చుకోలు మాట. సంతలో బేరమెఱిగినవాడు, కచేరిలో మాటతీరెఱిగినవాడు, పదిమందిలో మెలగనేర్చినవాడు లోకజ్ఞానము గలవాడు. అది లేనివాడు ఎంత చదివినను అమాయకుడే యని పెద్దలందురు. క్రైస్తవ వేదమునందు, ముఖ్యముగా అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికయందు, ఈ మాటయే నిందార్థమున నిలిచియున్నది. లోకజ్ఞానము దేవుని యెదుట వెఱ్ఱితనమనియు, లోకము వెఱ్ఱితనమని త్రోసివేసినది దేవుని జ్ఞానమనియు ఆ పత్రిక తొలి అధ్యాయముల సారము.

దీనిని ఆధారము చేసికొని చదువు విశ్వాసమునకు శత్రువనువారు ఒక వైపునను, ఆ మతము బుద్ధినే నిరాకరించినదనువారు వేఱొక వైపునను బయలుదేరిరి. ఇరుపక్షములవారును పత్రికను చదివినవారే. అది ఏ ఊరివారికి, ఏ తగవును గూర్చి వ్రాయబడెనో విచారించినవారు మాత్రము తక్కువ.

కొరింథు రెండు సముద్రముల నడుమ సన్నని భూసంధిపై వెలసిన పట్టణము. పడమటనున్న లెకయోను రేవు ఇటలీ వైపునకును, తూర్పుననున్న కెంక్రేయ రేవు ఆసియా వైపునకును తెఱచియుండెడివి. ప్రాచీన గ్రీకు కొరింథును రోమను సేనాని మమ్మియుసు క్రీ.పూ. 146లో నేలమట్టము చేసెను. నూఱేండ్లకు పైగా పాడుపడియున్న ఆ చోట క్రీ.పూ. 44లో జూలియసు సీజరు క్రొత్త రోమను వలసను నెలకొల్పెను. వచ్చి కాపురమున్నవారిలో పెక్కుమంది దాస్యవిముక్తులని భూగోళకర్త స్ట్రాబో వ్రాసినాడు. వారు పాతగోరీలను త్రవ్వి, అందలి కంచుపాత్రలను మట్టిపాత్రలను రోమునగరమున అమ్ముకొనిరట! పౌలు నాటికి ఆ ఊరికి వయస్సు ఇంచుమించు నూఱేండ్లు. తాతలనాటి వంశగౌరవము చెప్పుకొనుటకు అచ్చట చాలమందికి తాతలు లేరు. ధనము కలదు, పేరు కావలెను.

ఆ పేరు కొఱకైన తాపత్రయము కొరింథు రాళ్లపై నేటికిని చదువవచ్చును. బాబియుసు ఫిలీనసను నొక పురప్రముఖుడు తన సొమ్ముతో ఒక కట్టడమును కట్టించి, తరువాత తాను పట్టణాధికారియైనపుడు దానికి తానే ఆమోదమిచ్చి, ఆ సంగతిని శాసనమున చెక్కించుకొనెను. తండ్రిపేరు ఆ శాసనమున లేకపోవుటచే అతడు దాస్యవిముక్తుడై యుండునని పండితులు ఊహించుచున్నారు. 1929లో బయటపడిన మఱియొక శాసనము ఎరస్తు అనువాడు తనకు దొరకిన పదవికి ప్రతిగా సొంత ఖర్చుతో వీధికి రాళ్లు పఱపించెనని తెలుపుచున్నది. రోమా పత్రిక చివర పేర్కొనబడిన ఎరస్తును ఇతడును ఒక్కరే యగునా కాదా యనుట ఇంకను తెగని వాదము. ఎవరైనను, ఆ ఊరి గాలి ఎట్టిదో ఈ రెండు శాసనములును చెప్పకయే చెప్పుచున్నవి.

ఇట్టి చోట 'జ్ఞానము' అనగా నేమి? గ్రీకు 'సోఫియా' తొలుత చేతిపనివాని నేర్పునకు పేరు. హోమరు కావ్యములలో ఈ మాట ఒక్కతూరియే, అదియు వడ్రంగి నేర్పును గూర్చియే వచ్చినది. రోమను కాలము నాటికి అది చేతినుండి నోటికెక్కినది. సభలో నిలిచి, ఎత్తుకొన్న విషయమును ఏ వైపునకైనను త్రిప్పి మెప్పింపగల వక్తయే జ్ఞాని. ధనికులు అట్టివారిని పోషించుచుండిరి. శిష్యులు తమ గురువును కొనియాడుచు ఎదుటి గురువును ఎగతాళి చేయుచుండిరి. కొరింథునకు చేరువనున్న ఇస్తమియా క్రీడల తిరునాళ్లలో సోఫిస్టులు అఱచుకొనుటయు, శిష్యులు కలహించుకొనుటయు డియో క్రిసోస్తొము చక్కగా వర్ణించినాడు. కథ డయోజనీసు కాలమునదే యైనను, రచయిత తన కాలపు తిరునాళ్లనే కన్నులయెదుట నుంచుకొని వ్రాసెనని తోచును.

పౌలు ఈ ఊరికి వచ్చిన కాలమును కొంత గట్టిగా నిర్ణయింపవచ్చును. రోమునుండి యూదులను క్లౌదియ చక్రవర్తి వెడలగొట్టగా వచ్చిన అకుల, ప్రిస్కిల్ల అను దంపతులయింట అతడు దిగెను. ఆ వెడలగొట్టుట క్రీ.శ. 49లో జరిగినదని సామాన్యముగా లెక్కింతురు. అతనిని విచారింప నిరాకరించిన అధిపతి గల్లియోను 51-52 ప్రాంతమున అధికారమునందుండెనని డెల్ఫీలో దొరకిన శాసనము మూలమున తెలియుచున్నది. ఈ గల్లియోను తత్త్వవేత్త సెనెకాకు అన్న. లోకజ్ఞానమునకు పేరుపడిన ఇంటివాడు ఆ తగవును మాటలను గూర్చినదనియు పేర్లను గూర్చినదనియు కొట్టివేయుట చరిత్రలోని చిన్న చమత్కారము.

పౌలు చేసిన పని డేరాలు కుట్టుట. పదునెనిమిది నెలలకు పైగా అచ్చట నుండియు సంఘమువారి సొమ్ము ముట్టలేదు. పోషకుని నీడన బ్రదుకు వక్తయే గౌరవనీయుడైన ఊరిలో కూలిపని చేయు బోధకుడు తలవంపు గదా! అతని పత్రికలు బరువుగలవేగాని మనిషి బలహీనుడు, మాట పసలేనిదని కొందఱు ఆక్షేపించిరట. రెండవ పత్రికలో అతడే ఈ సంగతిని దాచక చెప్పెను.

అతడు వెళ్లిన తరువాత అలెక్సంద్రియవాడైన అపొల్లో వచ్చెను. ఇతడు విద్వాంసుడు, వాక్పటువు. ఇక కొరింథువారికి వారి పాతఅలవాటు తిరిగి వచ్చినది. ఒకడు పౌలువాడు, ఒకడు అపొల్లోవాడు, ఒకడు కేఫావాడు. క్లోయె అను నామె ఇంటివారు ఈ వర్తమానమును ఎఫెసులోనున్న పౌలునకు అందజేసిరి. ఇంచుమించు 54-55లో మొదటి పత్రిక పుట్టినది ఇందుచేతనే. ఇందు అపొల్లోపై ఒక్క నిష్ఠురమైన మాటయు లేదు. పైగా అతనిని మరల కొరింథునకు వెళ్లుమని తాను బతిమాలితినని పౌలు పత్రిక చివర వ్రాసెను. ఖండింపబడినది విద్వాంసుడు కాదు, విద్వాంసుని పేర కట్టిన జట్టు. వాగాడంబరమును నిరసించిన ఆ అధ్యాయములే ఎంతో బిగువైన వాక్యరచనతో నడచుచుండుట కూడ గమనింపదగినది. మాట నేర్పు లేనివాడు వ్రాయగల పుటలు కావవి.

ఆ జట్టులకు ఎదురుగా పౌలు నిలిపినది సిలువ. నేడది గోపురములపై వెలయు గుర్తు; ఆనాడది బానిసల మరణము. స్పార్టకసు తిరుగుబాటు అణగిన పిదప, క్రీ.పూ. 71లో, ఆపియను మార్గము పొడవున ఆఱువేలమందిని సిలువ వేసిరి. బానిసత్వమునుండి ఒకటి రెండు తరముల క్రిందట బయటపడి, ఆ మచ్చను రాళ్లతో కప్పుకొనుచున్నవారి ఊరిలో, బానిస చావు చచ్చినవానియందే దేవుని జ్ఞానము కలదనుట ఎంత వెఱ్ఱిగా వినబడియుండునో ఊహింపవచ్చును. సంఘములో జ్ఞానులు, బలవంతులు, గొప్పవంశమువారు అనేకులు లేరని పౌలు జ్ఞాపకము చేసినది ఇందుకే. అనేకులు లేరనెనేగాని అసలే లేరనలేదు. తగవంతయు ఆ కొద్దిమందిని గూర్చినదే.

పత్రిక తరువాతి భాగములను దీనితో కలిపి చదువవలెను. ఆఱవ అధ్యాయమున సంఘస్థులు ఒకరిపై ఒకరు న్యాయస్థానములకెక్కుట కనబడును. రోమను న్యాయస్థానమున పరువుగలవానిమీద పరువులేనివాడు వ్యాజ్యము వేయుట సులభము కాదు. కావున వాదులు ధనికులేయని అనేక పండితుల అభిప్రాయము. జ్ఞానులమని చెప్పుకొను మీలో తగవు తీర్చగల జ్ఞాని ఒక్కడైనను లేడా యని పౌలు ఎత్తిపొడిచెను. ఎనిమిదవ అధ్యాయమున విగ్రహము వట్టిదని తెలిసినవారు, తెలియని సోదరుని మనస్సాక్షిని లెక్కచేయక, అర్పితమైన మాంసమును నిర్భయముగా తినుచుండిరి. వారికి తెలిసిన సంగతి నిజమే. పౌలును దానిని కాదనలేదు. తెలిసిన తీరు మాత్రము ఎదుటివానిని పడగొట్టుచున్నది. పదునొకండవ అధ్యాయమున ప్రభువు భోజనము. తీరికగలవారు ముందుగా వచ్చి తిని త్రాగి మత్తిల్లుచుండగా, లేనివారు ఆకలితో నిలిచియుండిరి. రోమను గృహములయందలి భోజనశాలలో మూడు పడకలపై తొమ్మండుగురు మాత్రమే ఒరగి భుజించుట మర్యాద. మిగిలినవారికి ముంగిలియే గతి. లోకజ్ఞానమని పత్రిక మొదట నిందించినది ఈ పంక్తిభేదమున రూపుకట్టి కనబడుచున్నది. ఒకే పంక్తిని కూర్చుండనీయని జ్ఞానము ఎంతటిదైనను అతని లెక్కలో జ్ఞానము కాదు.

అట్లయిన లౌకిక వివేకమును వేదము నిరాకరించినదా? హెబ్రీ గ్రంథములు ఇందుకు అడ్డుచెప్పును. 'హొఖ్మా' అను హెబ్రీ మాటయు మొదట నేర్పే. ప్రత్యక్షగుడారమునకు బంగారము, కొయ్య, రాయి చెక్కిన బెసలేలు దేవుని ఆత్మచే ఈ జ్ఞానముతో నింపబడెనని నిర్గమకాండము. సముద్రముపై ఓడవాండ్ర నేర్పును ఒక కీర్తన ఇదే మాటతో చెప్పినది. సామెతల గ్రంథమంతయు లోకజ్ఞానమే: పూటపడుట మంచిది కాదు, కోపిష్ఠితో సహవాసము వలదు, పొలపు గట్టును జరుపవలదు. 1923లో ప్రకటింపబడిన ఐగుప్తు గ్రంథము 'అమెనెమోపె ఉపదేశము' చూచిన పండితులు, ముఖ్యముగా 1924లో ఆడోల్ఫు ఎర్మాను, సామెతల 22వ అధ్యాయమునుండి వచ్చు భాగమునకు దానితోగల దగ్గఱి పోలికను నిరూపించిరి. ధనమునకు ఱెక్కలు మొలచి ఎగిరిపోవునని రెండును చెప్పును. ఐగుప్తున ఎగిరినది బాతు, హెబ్రీలో గ్రద్ద. అన్యదేశపు వివేకమును ఇశ్రాయేలు పెద్దలు సిగ్గుపడక ఎరవు తెచ్చుకొని తమ వేదమున చేర్చుకొనిరి. జ్ఞానమునకు పొలిమేర లేదని వారెఱుగుదురు.

మఱియొక విశేషము. జ్ఞానుల జ్ఞానమును వ్యర్థము చేయుదునను అర్థముగల యెషయా మాటను పౌలు తన వాదమునకు మొదటి ఆధారముగా ఎత్తుకొనెను. యెషయా మందలించినది యూదా రాజగు హిజ్కియా కాలపు మంత్రులను. అష్షూరు సేన 701లో పైబడనున్న సమయమున వారు ఐగుప్తుతో రహస్యముగా పొత్తు కుదుర్చుకొని దానిని రాజనీతియని మురియుచుండిరి. ఇదే హిజ్కియా మనుష్యులు సొలొమోను సామెతలను ఎత్తివ్రాసిరని సామెతల 25వ అధ్యాయపు తొలిమాట. అనగా ఒకే రాజాస్థానము వేదమునకు నీతివాక్యములను సమకూర్చినది, ఒకే రాజాస్థానము ప్రవక్తచేత చీవాట్లు తిన్నది. యోబు గ్రంథమునుండి పౌలు తీసికొన్న మాటయు ఇట్టిదే. జ్ఞానులు తమ యుక్తిలోనే చిక్కుకొందురన్నది ఏలీఫజు. ఆ గ్రంథాంతమున దేవుడు కోపించినది ఆ ఏలీఫజుమీదనే. జ్ఞానులను గూర్చి నిజము పలికిన జ్ఞాని తానే ఆ వలలో పడెను.

యాకోబు పత్రిక ఈ భేదమును ఇంకను తేటగా చెప్పినది. క్రిందినుండి పుట్టిన జ్ఞానమునకు గుర్తులు మత్సరము, వివాదము. పైనుండి వచ్చినదానికి గుర్తులు సమాధానము, మృదుత్వము, కనికరము. అనగా జ్ఞానమును దాని మాటవలన గాక దాని చుట్టునున్నవారి స్థితివలన కనుగొనవలెను. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి పీఠము, మాసినబట్టలవానికి నేల చూపు సభను, కోతగాండ్ర కూలి బిగబట్టిన భూస్వాములను నిందించినది ఈ పత్రికయే. సువార్తలలో యేసు, కపటియైన గృహనిర్వాహకుని ముందుచూపును మెచ్చుకొన్న యజమానుని కథ చెప్పెను. పాములవలె ఉండుమని శిష్యులకు బోధించెను. అచ్చటి గ్రీకు మాట సోఫియాకు సంబంధించినది కాదు, 'ఫ్రొనిమొస్'. తెలుగు అనువాదకులు అచ్చట జ్ఞానమనక యుక్తి, వివేకము అనిరి. మంచి యెన్నిక.

ఇట్టి యెన్నికలు తెలుగు నాటికి వెలుపల చెన్నపట్టణమున మొదలైనవి. జర్మను పాదిరి బెంజమిను షుల్ట్జె 1726లో అచ్చటికి వచ్చి, తెలుగు నేర్చి, 1732 నాటికి పరిశుద్ధ గ్రంథమును తెలుగు చేసెను; అది అచ్చుకు నోచుకొనలేదు. తరువాత 1805లో విశాఖపట్టణము చేరిన క్రాను, దె గ్రాంజులు ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణుని తోడ్పాటుతో పూనుకొనిన పనివలన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. క్రాను 1809లో, దె గ్రాంజు 1810లో గతించిరి. అచ్చుపుస్తకమును ఇద్దఱును చూడలేదు.

వేదాంతమున మోక్షసాధనమైన 'జ్ఞానము' అను బరువైన మాటను తెలుగు అనువాదము లోకమునకును దేవునికిని సమముగా వాడినది. కతోలికులు అప్పటికే బాప్తిస్మమును జ్ఞానస్నానమని పిలుచుచుండుటచే ఆ మాటకు క్రైస్తవార్థమును కొంత అలవడియున్నది. చిక్కెక్కడ ననగా, గ్రీకున సోఫియాయు, ఎనిమిదవ అధ్యాయమున ఉప్పొంగజేయునని చెప్పబడిన గ్నోసిసును తెలుగున జ్ఞానమే యగుట. రెండును ప్రక్కప్రక్కన వచ్చిన పండ్రెండవ అధ్యాయమున ఇక ఆ సర్దుబాటు సాగలేదు. విరివిగా చదువబడు తెలుగు పాఠమున అచ్చట గ్నోసిసునకు జ్ఞానమను మాట దక్కినది. తొలి అధ్యాయములలో అంతటి వాదమునకు గుఱియైన సోఫియా 'బుద్ధి' యైనది.