చలినాళ్ల కట్టెల పద్దు

శీతదేశములలో చలికాలమునకు ముందు గృహస్థుడు వేసికొను మొదటి లెక్క కట్టెల లెక్క. ఇల్లు వెచ్చగా నుండుటకు ఎన్ని బండ్ల కట్టె కావలెను, అది ఎన్ని నెలలు ఎండవలెను, ఏ చెట్టు కట్టె నిలిచి మండును అను విషయములు అచ్చటి పిల్లలకును తెలిసియుండును. మన తిరుపతి చిత్తూరు ప్రాంతములలో ఇట్టి లెక్క వేయువారు కానరారు. మనకు మంచు కురియదు. మన గదులలో నెగడు గూళ్లు లేవు. కావున చలికాలమునకై మనకు వేరుగా కట్టెతో పనిలేదని తోచుట సహజమే. ఆ తలపు సరికాదని చూపుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము. మనము ఇంటిని కాచుకొనము, నీళ్లను కాచుకొందుము. ఆ నీళ్లక్రింద కాలిన కట్టె యెంత, అది యెచ్చటినుండి వచ్చెను, దాని వెల ఎవరు చెల్లించిరి అను మూడు ప్రశ్నలలో మన ప్రాంతపు నూటయేబది యేండ్ల గృహచరిత్ర ఇమిడియున్నది.

తిరుపతిలో పుష్యమాసపు వేకువ చలి సాధారణముగా 18, 19 డిగ్రీలకు దిగును. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైనున్న మదనపల్లె, పలమనేరు మెట్టలలో అది 15 డిగ్రీల దరిదాపులకు పోవును. 4,000 అడుగులకు మించిన హార్స్లీకొండపై చెప్పనక్కరయే లేదు. ఐరోపావానికి ఇది చలియే కాదు. కాని ధనుర్మాసమున తెల్లవారకమున్నే తలంటుకొని కోవెలకు పోవలసిన ముసలివానికి, పురిటిమంచము దిగని బాలింతకు, బడికి పోవు పసివానికి ఇది చలియే. అందుచేత మన ప్రతి పెరటిలోను వంటపొయ్యికి తోడుగా నీళ్లపొయ్యి యొకటి వెలసినది. మూడు రాళ్లపై మసిబారిన కాగు. దాని క్రింద చింతమొద్దులు, తుమ్మకంప, కందికట్టె, ఏది దొరికిన అది. ఇంటిలో అందరికంటె ముందు లేచి ఆ పొయ్యి రాజేయునది ఎవరో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. బాలింత యున్న ఇంట ఈ పొయ్యి పగలెల్ల ఆరదు. గదిలో బొగ్గుల కుంపటి దీనికి తోడగును. భోగినాటి మంట యొక్కటే మనము పండుగగా లెక్కించుచున్నాము గాని, తక్కిన దినముల మంటలను లెక్కించినవారు లేరు.

ఇప్పుడు లెక్కించి చూతము. అయిదుగురున్న ఇంటిలో తలకు 20 లీటర్ల చొప్పున దినమునకు 100 లీటర్ల వేడినీళ్లు కావలెననుకొందము. వేకువవేళ తొట్టినీళ్లు స్నానమునకు తగినంత వెచ్చపడవలెనన్న సుమారు 20 డిగ్రీల వేడి ఎక్కవలెను. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ కాచుటకు ఒక కిలోకెలోరీ ఉష్ణము పట్టును. కావున మొత్తము 2,000 కిలోకెలోరీలు. బాగుగా ఎండిన కట్టె కిలో ఒకటి కాలినప్పుడు రమారమి 4,000 కిలోకెలోరీలు పుట్టును. అనగా ఆ వేడి యంతయు నీటికే చేరినచో అరకిలో కట్టెతో ఇంటిల్లిపాది స్నానము ముగియవలెను! కాని మూడు రాళ్ల పొయ్యిలో పుట్టిన వేడియందు రమారమి పదవవంతు మాత్రమే పాత్రకు చేరును. తక్కినది గాలిలోను, రాళ్లలోను, పొగలోను పోవును. అందుచేత అరకిలో పని అయిదు కిలోలగును. మూడు నెలలకు 450 కిలోలు. పాతకొలతలు మరువని పెద్దలకై చెప్పవలెనన్న, 8 వీశెల మణుగు చొప్పున ఇది సుమారు 40 మణుగులు, అనగా రెండు బారువులు. అందులో ఇల్లు అనుభవించినది నాలుగు మణుగులు. ముప్పదియారు మణుగులు ఆకాశమునకు ఆహుతి. కట్టె పచ్చిదైనచో నష్టము మరింత యెక్కువ. అప్పుడే నరికిన కట్టెలో ఇంచుమించు సగము నీరే యుండును గనుక, ముందు ఆ నీరు ఆవిరియైనగాని కాగులోని నీరు వెచ్చపడదు.

ఇది నీళ్లపొయ్యి సంగతి మాత్రమే. వంటపొయ్యి ఏడాది పొడవునను మండును. 1970 దశాబ్ది చివర, బెంగుళూరు భారత విజ్ఞానసంస్థకు చెందిన అమూల్య రెడ్డి మొదలగువారు మన పొరుగు తుమకూరు జిల్లాలోని పుర అను చిన్న గ్రామమున ఇల్లిల్లును పరిశీలించి, తలకు ఏడాదికి సుమారు 600 కిలోల కట్టె కాలుచున్నదని తేల్చిరి. అయిదుగురి ఇంటికి అది 3,000 కిలోలు. తలమోపు 20 కిలోలనుకొన్నచో ఏటికి 150 మోపులు. రెండు మూడు దినములకొక మోపు. గోడయు గూడును వెచ్చచేయనక్కరలేని మన ఉష్ణదేశమున ఒక సామాన్య గృహము కట్టె కాల్చుటలో ఎంత దూరము పోయినదో దీనివలన తెలియగలదు.

ఈ కట్టె యెచ్చటినుండి వచ్చెను? పూర్వము శేషాచలపు అంచులనుండి, పల్లెల చుట్టునున్న బంజరు గుట్టలనుండి, చెరువుకట్టలపైని చెట్లనుండి వచ్చెడిది. దానికి వెల యుండెడిది కాదు. మోసికొని వచ్చినవారిదే కట్టె. 19వ శతాబ్ది నడుమ ఈ స్థితి మారెను. 1856లో మద్రాసునుండి వాలాజారోడ్డువరకు దక్షిణదేశపు తొలి రైలుదారి తెరవబడెను. ఆ యేడే మద్రాసు రాజధానికి తొలి అటవీ సంరక్షకుడుగా క్లెగ్‌హార్న్ నియమింపబడెను. ఈ రెండును ఒకే యేట జరుగుట గమనింపదగినది. రేణిగుంట, కడపల మీదుగా సాగిన దారి 1871 నాటికి రాయచూరు చేరెను. రైలుదారికి దిమ్మలు కావలెను. బొగ్గు ప్రియమైన ఆ దినములలో యంత్రములకు కట్టెయే ఆహారము. తీరప్రాంతమున సరుగుడు తోటలు పెంచుటకు వంటచెరకు కొరత యెంత కారణమో, ఈ యంత్రముల ఆకలియు అంత కారణము. కొండవైపు చూచువారిలో ఇల్లాలితో పాటు ఇంజను గూడ చేరెను.

1882లో మద్రాసు అటవీచట్టము పుట్టెను. కొండలు గుట్టలు రిజర్వు అడవులుగా హద్దులు పొందెను. ఆ చట్టము నిష్కారణమని మేము చెప్పజాలము. నరికివేతను ఆపు అధికారమే లేనిచో ఎఱ్ఱచందనము పుట్టినిల్లైన ఈ కొండలు నేటికి బోడిగుండ్లై యుండెడివేమో! అయితే చట్టము హద్దురాయి పాతినది గాని, హద్దుకు ఈవలనున్న పొయ్యి ఆకలిని తగ్గించు ఉపాయము చెప్పలేదు. నిన్నటివరకు ఊరి హక్కుగా నున్న మోపు నేడు రుసుమునకో, గార్డు దయకో లోబడెను. పశువులమేతకు పుల్లరి యనియు, కట్టెకు అనుమతి యనియు పల్లెలలో పుట్టిన అలజడి చిన్నది కాదు. ఈ మొరలను విచారించిన మద్రాసు అటవీసంఘము 1913లో, కట్టెకును మేతకును ఉపయోగపడు చిన్న అడవులను గ్రామపంచాయతులకు అప్పగించుట మేలని సలహా చెప్పెను. పిదప అటవీ పంచాయతులు కొన్ని యేర్పడెను. అయినను అలజడి చల్లారలేదు. 1921లో పల్నాటిసీమ పుల్లరికి ఎదురుతిరిగెను. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ వీరగాథను మనము పాడుకొనుచున్నాము. కాని అదే కాలమున, ఏ సత్యాగ్రహమును పేరు పెట్టి పిలువని మరియొక సహనము ప్రతి పెరటిలోను సాగుచుండెను.

అది స్త్రీల సహనము. కొండ దూరమైనకొలది మోపు దూరమయ్యెను. మైలు నడిచినచోట రెండు మైళ్లు నడువవలసివచ్చెను. కట్టె కరవైనచోట పిడక మండెను. చేనికి ఎరువు కావలసినది పొయ్యిలో బూడిదయయ్యెను. పట్టణపు ఇండ్లలో కట్టెను కొనుట మొదలైనది గనుక అది యజమాని పద్దుపుస్తకమున కెక్కెను: బండి యొకటికి ఇంత, చీల్చినందులకు ఇంత అని. పల్లెలో కొనలేదు గనుక పద్దులో లేదు. పద్దులో లేనిదానికి వెల లేదని మనవారి నమ్మకము! నడచిన దూరము, మెడపై బరువు, మంటికి ఊది ఊది ఎఱ్ఱబడిన కన్నులు, తల్లి యొడిలో ఆ పొగయే పీల్చిన పసివాని దగ్గు, వీనిని ఏ కరణమును వ్రాయలేదు. కట్టెపొగ ఊపిరితిత్తులను చెరచుననియు, శిశువులకు న్యుమోనియా తెచ్చుననియు నేడు వైద్యులు సందేహము లేక చెప్పుచున్నారు. ఇది మన ఇండ్లలో తరతరములుగా జరిగినదే. దానిని మనము వంటింటి స్వభావమనుకొంటిమి.

దీనికి ఉపాయము తెలియకపోయెనా యన్న, అదియు కాదు. మన చిత్తూరుసీమ బెల్లమునకు పేరుపడినది. ఈ చలికాలమందే చెరకు గానుగలు ఆడును. గానుగ దగ్గర రైతు నేలలో గుంటపొయ్యి త్రవ్వి, మంట పెనము క్రిందనే ఆడునట్లు గాలికి దారి చేసి, పిండగా మిగిలిన చెరకుపిప్పినే ఎండబెట్టి దానితోనే రసము కాచును. పొయ్యి చెడినచో బెల్లము చెడును, బెల్లము చెడినచో రొక్కము పోవునని అతనికి తెలియును. అతడే ఇంటికి వచ్చి, మూడు రాళ్లపై కాగుతున్న నీళ్లతో స్నానము చేసి, పొగకు తుమ్మి, పొయ్యి సంగతి అడుగక పోవును! లాభము కనబడు పొయ్యికి తెలివి ఖర్చుపెట్టిన మగవాడు, లాభము కనబడని పొయ్యిని ఆడుదానికి వదలివేసెను. లోపము విద్యలో లేదు; పద్దులో నున్నది.

తెలుగునేలపైననే ఈ లోపమును దిద్దబూనినవారు లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజుగారు మంటితో కట్టదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి ఒక పుస్తకము ప్రకటించిరి. ఒకే మంటపై రెండు మూడు పాత్రలు కాగుట, పొగ గొట్టము గుండ వెలుపలికి పోవుట దాని విశేషములు. పిమ్మట 1980 దశాబ్దిలో భారతప్రభుత్వము మేలైన పొయ్యిల పథకమును దేశమంతట నడపి, 2002లో విరమించెను. గొట్టము మసితో పూడుకొనుట, మన్ను పగులుట, మన పాత్రలకు కన్నములు సరిపడకుండుట మొదలగు కారణములచే అనేక గృహములలో ఆ పొయ్యిలు మూలబడెను. పొయ్యి కట్టించి పోయినవారు మరల వచ్చి చూడలేదు. దినమును దానితో కాపురము చేయు ఇల్లాలిని ముందుగా అడుగనులేదు.

తరువాతి కథ మనకు తెలిసినదే. తిరుమలలో స్వామివారి లడ్డూలు 1984 వరకు కట్టెలపొయ్యిలపైననే తయారయ్యెను. ఆ యేట పోటులోనికి గ్యాసు వచ్చెను. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకముచే పేదస్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చుట ప్రారంభించెను. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చెను. వంటింటినుండి పొగ చాలవరకు తొలగినది. ఇది మన కాలపు గొప్ప సంస్కరణములలో నొకటియని మేము సంతోషముతో ఒప్పుకొందుము.

అయినను పెరటిలోనికి వెళ్లి చూడుడు. లోపల నీలిమంటపై కాఫీ కాగుచున్న మేమెరిగిన ఇండ్లలోనే, వెలుపల మూడు రాళ్లపై కాగు నేటికిని ఉన్నది. గ్యాసు బండ వెలపెట్టి కొన్నది. దానిని స్నానమునకు ఖర్చుచేయుట దుబారా యని ఇంటివారి తీర్పు. కట్టె యనిననో ఊరకనే వచ్చినది. అనగా పాత పద్దే నేటికిని నడచుచున్నది. రొక్కమునకు లెక్క యున్నది, రెక్కలకు లెక్క లేదు. కొండ యెక్కినవారి కాళ్లు, పొయ్యి ముందు కూర్చున్నవారి కన్నులు ఊరకనే వచ్చినవని మనము భావించినంతకాలము ఈ నీళ్లపొయ్యి ఆరదు.

కావున మా మనవి పెద్దదికాదు. ఈ చలికాలమున ప్రతి గృహస్థుడును ఒక్క వారము కట్టెను తూచి పొయ్యిలో పెట్టించి, ఆ లెక్కను, తెచ్చినవారి పేరును తన పద్దుపుస్తకమున వ్రాయవలెను. కాగుకు మూత పెట్టుట, కట్టెను వేసవిలోనే చీల్చి ఎండబెట్టి చూరు క్రింద దాచుట, మూడు రాళ్లను తీసి మంటిని చుట్టి గాలిదారి యొకటి, పొగదారి యొకటి గల పొయ్యి కట్టుట, వీనికి రొక్కము పట్టదు. శక్తిగలవారు మిద్దెపై సూర్యుని వేడితో నీళ్లు కాచు తొట్టిని పెట్టించుకొనవచ్చును. ఏడాదిలో ఎక్కువ దినములు ఎండగాయు మన సీమలో అది వృథాపోదు. ఇవి ఏవియు చేయజాలనివారు, కనీసము రేపటి వేకువను తామే ముందుగా లేచి ఆ పొయ్యిని రాజేసి చూతురుగాక. ఒక్కనాటి పొగతో ఈ వ్యాసము చెప్పదలచినదంతయు వారికి తెలియగలదు.